ఎండలో కళ్ల కింద నల్లని నీడలు, వెనక గజిబిజి: సమాధానం

ఎండలో మనిషి ఫొటో తీస్తే కళ్ల కింద నల్లని నీడలు పడుతున్నాయని, వెనక ఆకులు మసకబారక గజిబిజిగా ఉంటున్నాయని, ఇది లెన్స్ లోపమా అని అడిగారు. నీడలకు కారణం లెన్స్ కాదు, నడినెత్తి ఎండ. ఎఫ్/1.8 (లెన్స్ ద్వారాన్ని బాగా తెరిచే సెట్టింగ్) పెట్టినా వెనక ఆకులు మసకబారడం లేదంటే, మనిషి చెట్టుకు మరీ దగ్గరగానో, మీరు మనిషికి దూరంగానో ఉన్నట్టే.

1. మనిషిని నీడ అంచుకు తీసుకురండి. ఎండ గీతకు ఒక అడుగు లోపల, ముఖం వెలుతురు వైపు. ఎదుట నేల లేత రంగుదైతే అదే రిఫ్లెక్టర్ (వెలుతురును ముఖం మీదికి తిప్పేది), గడ్డయితే చర్మానికి ఆకుపచ్చ ఛాయ అంటుతుంది. చెట్టు కింద ఎండ మచ్చలు లేనిచోటే నిలబెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మనిషి వెనక కూడా నీడే ఉండాలి. ముఖం నీడలో, వెనక ఎండలో ఉంటే ముఖానికి సరిపడే ఎక్స్‌పోజర్‌కి (కెమెరా తీసుకునే వెలుతురు మోతాదుకి) వెనకంతా వివరాలు పోయి తెల్లగా అయిపోతుంది. క్లిక్ చేసేముందు కళ్లు సగం మూసి చూడండి. ముఖం కన్నా వెనక వెలుగ్గా కనిపిస్తే మీరే పక్కకు జరిగి కోణం మార్చండి.

3. వెనక మసకబారాలంటే మనిషికీ వెనక ఉన్నదానికీ మధ్య కనీసం 5 మీటర్ల దూరం ఉంచండి. మీరు మనిషి దగ్గరికెళ్లండి. 85 ఎంఎం లెన్స్ ఉంటే అదే వాడండి.

4. స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటు వెలుతురునే కొలిచే పద్ధతి) ముఖం మీద, ఫోకస్ దగ్గరి కంటి మీద, వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగ్) 'షేడ్' (నీడ)లో పెట్టండి. లేదంటే చర్మం నీలంగా వస్తుంది.