కార్బన్ ఫైబర్ రోడ్ సైకిల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కార్బన్ ఫైబర్ రోడ్ సైకిల్ నడుపుతున్నవారు తమ అనుభవాలనూ సందేహాలనూ రాసి పంపమని కోరాం. వచ్చిన ఉత్తరాల్లో నుంచి ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. మూడో ప్రశ్న భద్రతకు సంబంధించినది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: చాలా ఏళ్లు అల్యూమినియం సైకిల్ తొక్కి, ఈమధ్యే కార్బన్‌కు మారాను. సైకిల్ బరువు సుమారు ఒక కిలో తగ్గింది. ఎత్తు ఎక్కేటప్పుడు హాయిగా ఉంది గానీ, చదును రోడ్డు మీద నా వేగం పెద్దగా పెరగలేదు. లోపం నాలోనే ఉందా?

జవాబు: మీలో లోపమేమీ లేదు. చదును రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు మీ శ్రమలో అధిక భాగం గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికే ఖర్చవుతుంది, అక్కడ కిలో బరువు తగ్గినా తేడా దాదాపు తెలియదు. ఎత్తులో మాత్రం తెలుస్తుంది. మీరూ సైకిలూ కలిపి 84 కిలోలనుకుంటే, ఒక కిలో అంటే అందులో ఒక శాతం కంటే కాస్త ఎక్కువ. గంటసేపు నిటారుగా ఎక్కే దారిలో మీకు కలిసివచ్చేది సుమారు 40 సెకన్లు. పోటీల్లో దిగేవారికి అది విలువైన సమయమే. అయితే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 సంవత్సరం నుంచి పోటీ సైకిల్ 6.8 కిలోల కంటే తేలికగా ఉండకూడదని నియమం పెట్టింది కాబట్టి, వారు కూడా ఒక హద్దు దాటి బరువు తగ్గించుకోలేరు. చదును మీద వేగం కావాలంటే మీరు కూర్చునే భంగిమను సరిచూసుకోండి. మోచేతులు కొంచెం వంచి వీపును కిందికి దించితే వచ్చే లాభాన్ని ఏ ఫ్రేమూ ఇవ్వలేదు.

ప్రశ్న: కార్బన్ ఫ్రేమ్ గతుకులను మింగేస్తుందని విని కొన్నాను. నా సైకిల్ మాత్రం ప్రతి గతుకునూ నేరుగా నడుముకు చేరవేస్తోంది. నన్ను మోసగించారా?

జవాబు: కార్బన్ అనే మాట ఒక్కటే విని ఫ్రేమ్ స్వభావాన్ని చెప్పలేం. ఇందులోని ఒక్కో పోగు మందం సుమారు 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో పదో వంతు. ఆ పోగు తన పొడవు దిశలో లాగితే అపారమైన బలం చూపుతుంది గానీ అడ్డదిశలో ఆ బలం ఉండదు. అందుకే తయారీదారులు జిగురు పట్టించిన పొరలను ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా, ఒకటి అడ్డంగా అచ్చులో పేర్చి, వేడితో గట్టిపరుస్తారు. ఏ చోట ఎన్ని పొరలు, ఏ కోణంలో వేశారన్నదాన్ని బట్టి ఒక ఫ్రేమ్ బిగుసుగానూ, మరొకటి మెత్తగానూ ఉంటుంది. పైకి కనిపించే పడుగు-పేక నేత చాలా సైకిళ్లలో అందానికి వేసిన పై పొర మాత్రమే. మీది బహుశా పోటీల కోసం బిగుసుగా చేసిన ఫ్రేమ్ అయి ఉంటుంది.

ఫ్రేమ్‌ను నిందించే ముందు టైర్లను చూడండి. మీ ఫ్రేములో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో చోటు ఉంటే 28 మిల్లీమీటర్ల టైర్లు వేయించి, గాలిని 5 పీఎస్‌ఐ చొప్పున తగ్గిస్తూ కొన్నాళ్లు తొక్కి చూడండి. టైరు మీద, రిమ్ము మీద ముద్రించిన హద్దులను మాత్రం దాటవద్దు. నడుముకు చేరే అదురులో ఫ్రేమ్ కంటే టైరు వాటాయే ఎక్కువ అన్నది నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: గోడకు ఆనించిన సైకిల్ జారి, దాని పై గొట్టం రాతి అంచుకు తగిలింది. పెయింట్ మీద వేలి గోరంత పొడవున సన్నని గీత పడింది. తరువాత చాలా దూరం తొక్కినా ఏమీ కాలేదు. ఇలాగే తొక్కవచ్చా?

జవాబు: పరీక్ష చేయకుండా తొక్కవద్దు. లోహపు గొట్టానికి దెబ్బ తగిలితే సొట్ట పడి కంటికి కనిపిస్తుంది. కార్బన్ అలా వంగదు. పైన సన్నని గీత తప్ప ఏమీ లేనట్టున్నా లోపలి పొరలు ఒకదానినుంచి ఒకటి విడిపోయి ఉండవచ్చు. పైగా మీ సైకిల్‌కు దెబ్బ తగిలింది పక్కనుంచి. తొక్కేటప్పుడు పడే భారాలకు తగినట్టు పొరలు పేర్చిన గొట్టం గోడ, రాతి అంచు వంటి మొనదేలిన దెబ్బకు చాలా పలుచన.

ముందు ఆ చోటును తడిబట్టతో శుభ్రంగా తుడిచి ఆరనివ్వండి. టార్చిలైటును గొట్టానికి దాదాపు ఆనించి ఏటవాలుగా వెలుగు వేస్తే, ఎగుడుదిగుళ్లు నీడలుగా బయటపడతాయి. తరువాత బొటనవేలితో గీతకు ఇరువైపులా గట్టిగా నొక్కండి. చుట్టుపక్కల కంటే అక్కడ కొంచెమైనా లోపలికి దిగినా, చిటపట చప్పుడు వినిపించినా లోపల పొరలు దెబ్బతిన్నట్టే. దూదిని గీత వెంట మెల్లగా రాయండి. పోగులు తెగి ఉంటే దూది పట్టుకుంటుంది.

చివరగా, కుండను తట్టి చూసినట్లు, నాణెం అంచుతో మెల్లగా తట్టుతూ గీత వైపు రండి. బాగున్న చోట స్పష్టమైన, గట్టి శబ్దం వస్తుంది. పొరలు విడిన చోట అదే శబ్దం ఒక్కసారిగా మొద్దుబారుతుంది. అయితే అతుకుల దగ్గర గోడ మందం మారి శబ్దం సహజంగానే మారుతుంది కాబట్టి, గొట్టానికి రెండో పక్కన సరిగ్గా అదే చోట తట్టి పోల్చుకోవాలి.

ఈ పరీక్షల్లో ఏది అనుమానం కలిగించినా, అల్ట్రాసౌండ్‌తో పరీక్షించగల కార్బన్ మరమ్మతు నిపుణుడికి చూపించండి. అన్నీ బాగున్నట్టు తోచినా, గీత చివరలను పెన్సిలుతో గుర్తుపెట్టి, ప్రతి ప్రయాణం తరువాతా చూడండి. గుర్తు దాటి ఒక్క మిల్లీమీటరు పెరిగినా తొక్కడం ఆపేయాలి. ఇప్పటిదాకా ఏమీ కాలేదన్నది ధైర్యం చెప్పే మాట కాదు, ఎందుకంటే ఇలాంటి దెబ్బ నెమ్మదిగా పెరుగుతుంది.

పగులు నిజమే అయినా ఫ్రేమ్‌ను పారేయనక్కరలేదు. దెబ్బతిన్న భాగాన్ని వాలుగా అరగదీసి, అదే కోణాల్లో కొత్త పొరలు వేసి గట్టిపరచే మరమ్మతు ఫ్రేమ్ గొట్టాలకు చక్కగా పనిచేస్తుంది. ఫోర్కు, హ్యాండిల్‌బార్, సీటును మోసే గొట్టమైన సీట్‌పోస్ట్ పగిలితే మాత్రం మరమ్మతు ఆలోచన మాని కొత్తవి వేయించుకోండి. అవి విరిగితే మిమ్మల్ని నేలమీద పడకుండా ఆపేది ఏదీ ఉండదు.

ప్రశ్న: సీట్‌పోస్ట్ తొక్కుతుండగా కిందికి జారుతోంది. ఎంత బిగించినా అంతే. ఇంకా గట్టిగా బిగించవచ్చా?

జవాబు: దయచేసి బిగించవద్దు. కొన్నేళ్ల క్రితం నేనూ మీలాగే జారుతున్న సీట్‌పోస్ట్‌ను అలెన్ కీతో చేతి అంచనా మీద బిగించాను. పోస్ట్‌ను బిగించి పట్టే క్లాంపు దగ్గర సన్నగా “టిక్” మన్న చప్పుడు వినిపించింది. విప్పి చూస్తే పోస్ట్ చుట్టూ సగం దాకా పగులు. ఆ రోజు నుంచి, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచి చూపే టార్క్ రెంచ్ లేకుండా కార్బన్ భాగం మీద ఏ బోల్టూ ముట్టుకోలేదు.

క్లాంపు మీద ముద్రించిన బిగింపు హద్దు అంకెను చూడండి. చాలా సైకిళ్లలో అది 5 న్యూటన్ మీటర్లకు అటూఇటూ ఉంటుంది. పోస్ట్‌ను బయటికి తీసి, పోస్ట్‌నూ గొట్టం లోపలి భాగాన్నీ పొడిగా తుడిచి, కార్బన్ భాగాల కోసమే అమ్మే పేస్టును పలుచగా రాయండి. అందులోని సన్నని రేణువులు పట్టునిస్తాయి కాబట్టి తక్కువ బిగింపు సరిపోతుంది. మామూలు గ్రీజు రాస్తే మరింత జారుతుంది. ఒకవేళ పోస్ట్ అల్యూమినియందైతే, చెమట, తడి చేరి లోహం తుప్పుపట్టి కార్బన్ గొట్టంలో ఇరుక్కుపోతుంది. దాన్ని ఏడాదికి రెండుసార్లయినా తీసి శుభ్రం చేయాలి.

ప్రశ్న: పాత కార్బన్ సైకిల్‌ను బంధువు ఇస్తానంటున్నారు. కార్బన్‌కు వయసైపోతుందా?

జవాబు: దెబ్బ తగలని, సరిగా తయారైన కార్బన్ ఫ్రేమ్ తొక్కడం వల్ల అలసిపోదు. ఆ విషయంలో అది అల్యూమినియం కంటే మేలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు జిగురును దెబ్బతీస్తాయి గానీ పెయింటూ దానిమీది పారదర్శక పూతా అడ్డుకుంటాయి. పూత రాలిన చోట్లు మాత్రం చూడండి. ఆ సైకిల్ ఎప్పుడైనా పడిందా అని ఆయనను సూటిగా అడగండి.

తీసుకున్నాక మొదటి పని, హ్యాండిల్‌బార్‌ను పట్టి ఉంచే స్టెమ్ విప్పించి, ఫోర్కు నుంచి పైకి వచ్చే స్టీరర్ గొట్టాన్ని పరీక్షించడం. స్టెమ్ బిగించిన చోటు ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించకుండా మూసుకుని ఉంటుంది. అక్కడ నొక్కుడు గుర్తులుగానీ, చుట్టూ తిరిగిన గీతగానీ ఉంటే ఫోర్కు మార్చిన తరువాతే సైకిల్ ఎక్కండి.