జుట్టు బిళ్ల వేసుకుని థైరాయిడ్ పరీక్షకు వెళితే…

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. టీచర్‌ని. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ తక్కువగా ఉందన్నారు. అప్పటి నుంచి 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నాను, ఏ ఇబ్బందీ లేదు. పోయిన నెల పరీక్షలో మాత్రం టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 0.05కి పడిపోయింది, ఎఫ్‌టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) బాగా పెరిగింది. ఇక్కడి డాక్టరు ‘థైరాయిడ్ తిరగబడింది’ అని పాత మాత్ర ఆపేసి, థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ రాశారు. నాకేమో గుండెదడ లేదు, చెమటలు లేవు, పైగా రెండు కిలోలు పెరిగాను. కొత్త మందు కొన్నాను గానీ వేసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. జుట్టు విపరీతంగా ఊడుతోంటే మందుల షాపులో ఇచ్చిన బిళ్ల రోజూ వేసుకుంటున్నాను, అంతకుమించి వేరే మందులేవీ లేవు.
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఊరికే రాసిన ఆ జుట్టు బిళ్ల సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది. ఆ డబ్బా తిప్పి చూడండి. ‘బయోటిన్ 10 మి.గ్రా.’ అనో ‘10,000 మైక్రోగ్రాములు’ అనో ఉంటుందని నా అనుమానం. రెండూ ఒకటే. మనిషికి రోజుకు కావలసింది దాదాపు 30 మైక్రోగ్రాములు. అంటే మూడు వందల రోజులకు సరిపడే విటమిన్ ఒక్క బిళ్లలో మింగుతున్నారన్నమాట. దానివల్ల ఒంటికి పెద్దగా హాని లేదు, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. చిక్కల్లా రక్త పరీక్షతోనే.

చాలా ల్యాబుల్లోని హార్మోన్ మిషన్లు బయోటిన్ అతుక్కునే గుణం మీద ఆధారపడి పనిచేస్తాయి. పరీక్షకు వాడే రసాయనానికి బయోటిన్ తగిలించి ఉంటుంది. అది వెళ్లి స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కోవాలి. మీ రక్తంలో ముందే బోలెడు బయోటిన్ ఉంటే, ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీట్లు ఆపినట్టు, ఆ చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతిలో దీనివల్ల అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఎఫ్‌టీ4, ఎఫ్‌టీ3 కొలిచే పద్ధతి దీనికి తలకిందులు కాబట్టి వాటి అంకె ఎక్కువ వస్తుంది. రెండూ కలిపి చూస్తే, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు రిపోర్టులాగే అచ్చం ఉంటుంది. కొన్ని మిషన్లలో ఆ జబ్బుకు చేసే యాంటీబాడీ పరీక్ష కూడా ఇలాగే తప్పుగా పాజిటివ్ వస్తుంది. ఇక డాక్టరుకు అనుమానం ఎలా వస్తుంది చెప్పండి? అందుకే ఆయన్ని నేను తప్పుపట్టను. మీరు చెప్పలేదు, ఆయన అడగలేదు. జుట్టు బిళ్లను ఎవరూ మందు కింద లెక్కేయరు.

ఇది కొత్తగా బయటపడ్డ వింతేమీ కాదు. వేరే జబ్బులకు పెద్ద మోతాదులో బయోటిన్ ఇచ్చిన పిల్లల్లో లేని గ్రేవ్స్ జబ్బు ఉన్నట్టు కనబడిందని 2016లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక కూడా జారీ చేసింది. గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ పరీక్షలో ఇదే కారణంగా అంకె తక్కువ రావడం, ఆ రోగి చనిపోవడం అందులో ప్రస్తావించారు. ఆ తర్వాత కొన్ని కంపెనీలు తమ పరీక్షల్ని మార్చాయి. మీ ల్యాబులో ఉన్నది కొత్తదో పాతదో వాళ్లనే అడగాలి.

మీ ఒంట్లో లక్షణాలు కూడా నా అనుమానాన్నే బలపరుస్తున్నాయి. నా దగ్గరికి ఇలాంటి రిపోర్టుతో ఎవరొచ్చినా ముందు చేతులు చాచమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెడతాను. థైరాయిడ్ నిజంగా అంత ఎక్కువైతే చాలామందిలో కాగితం అంచు సన్నగా వణుకుతూ కనబడుతుంది. నాడి చూస్తే కూర్చున్నా వందకు పైనే కొడుతుంటుంది. మనిషి తింటూనే తగ్గిపోతుంటుంది. మీరేమో పెరిగానంటున్నారు.

కాబట్టి కార్బిమజోల్ జోలికి ఇప్పుడే పోకండి. థైరాయిడ్ తక్కువున్న మనిషి థైరాక్సిన్ మానేసి ఇది వేసుకుంటే రెండు విధాలా దెబ్బే. మీ డాక్టరు గారికి ఇవాళే ఫోన్ చేసి జుట్టు బిళ్ల గురించి చెప్పండి. ఆయన సరేనంటే పాత 75 మాత్ర మళ్లీ మొదలుపెట్టండి. బిళ్ల ఆపిన తర్వాత కనీసం రెండు రోజులు, వీలైతే మూడు రోజులు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోండి. ఆ ఉదయం రక్తం ఇచ్చాకే థైరాక్సిన్ వేసుకోండి. అప్పుడు కూడా అంకె 0.05 దగ్గరే ఉంటే నా అనుమానం తప్పు, కార్బిమజోల్ సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు. మధ్యలో గుండెదడ మొదలైతే మాత్రం ఆగకుండా వెళ్లి చూపించుకోండి.

జుట్టు సంగతికొస్తే, బయోటిన్ లోపం లేనివాళ్లకు ఆ బిళ్లతో జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. మన ఆడవాళ్లలో ఐరన్ తక్కువగా ఉండి జుట్టు ఊడటం చాలా మామూలు. ఐరన్ మాత్ర రాస్తే థైరాక్సిన్‌కీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాక్సిన్ వేసుకున్నాక కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి.

ప్రశ్న: సర్, నేను టెక్సస్‌లో ఉంటాను. తెనాలిలో ఉన్న మా అమ్మకు 74 ఏళ్లు. నీరసం అంటే పరీక్షలు చేయించాం. టీఎస్‌హెచ్ 7.1, ఎఫ్‌టీ4 నార్మల్. రిపోర్టు వాట్సాప్‌లో చూశాను, పక్కన ఎర్రగా ‘హై’ అని ఉంది. అక్కడ డాక్టరు మందు అక్కర్లేదంటున్నారు. నిర్లక్ష్యమా?

జవాబు: కాదు బాబూ. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కాస్త పైకి పోవడం సహజం. మీరు చూసిన ఎర్ర అక్షరాలకు మీ అమ్మగారి వయసు తెలియదు. సరిగ్గా ఇలాంటి పెద్దవాళ్ల మీదే ఐరోపాలో ఒక పెద్ద పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రకటించారు. 65 దాటినవాళ్లు 737 మంది. సగం మందికి థైరాక్సిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఏడాది తర్వాత చూస్తే మందు వేసుకున్నవాళ్ల టీఎస్‌హెచ్ తగ్గింది గానీ, నీరసంలో ఇద్దరికీ తేడా లేదు. పైగా ఈ వయసులో మందు కాస్త ఎక్కువైనా గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. రెండు మూడు నెలలాగి ఒకసారి మళ్లీ చూపించండి. టీఎస్‌హెచ్ 10 దాటితే వేరే మాట. ఈలోగా హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూపించండి. రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో ఫోన్‌లో అడగండి. నీరసానికి కారణం అక్కడ దొరికే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: నాకు 36. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. బీపీకి మూడు రకాల మాత్రలు వాడుతున్నా 160 దిగదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. పొటాషియం తక్కువగా 3.1 ఉందని కొబ్బరినీళ్లు తాగమన్నారు. మా నాన్నకు 45 ఏళ్లకే పక్షవాతం వచ్చింది. ఇది హార్మోన్ సమస్యా?
– ఏలూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: అయ్యే అవకాశం బాగానే ఉంది, ఎవరో ఒకరు ఈపాటికే పరీక్ష రాయాల్సింది. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. అది ఉప్పును ఒంట్లో ఆపి, పొటాషియంను మూత్రంలోకి పంపిస్తుంది. అవసరం లేకపోయినా అది తయారవుతూ ఉంటే బీపీ పెరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఆ కారుతున్న పొటాషియంను కొబ్బరి బోండాలతో నింపలేం. అమెరికాలో జెరోమ్ కాన్ అనే డాక్టరు 1950ల్లో దీన్ని మొదట వర్ణించింది 34 ఏళ్ల మహిళలో. ఆమెకూ మీలాగే బీపీ, కండరాలు పట్టేయడం. అడ్రినల్ గడ్డ తీసేస్తే తగ్గింది.

మేం చదువుకునేటప్పుడు ఇది చాలా అరుదని రాసుకున్నాం. అరుదు కాదు, వెతకకపోవడం వల్ల దొరకలేదంతే. 2020లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్లలో అయిదుగురికి ఒకరికి పైగా ఈ సమస్య కనబడింది. పొటాషియం నార్మల్‌గా ఉన్నవాళ్లలో కూడా ఉంటుంది. బీపీ ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష చేస్తే మంచిదని 2025లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాల్లో చేర్చారు.

పరీక్ష పేరు ఆల్డోస్టిరాన్–రెనిన్ నిష్పత్తి (రెనిన్ అంటే ఆల్డోస్టిరాన్ తయారీని నడిపించే, కిడ్నీల్లో పుట్టే పదార్థం). అయితే ముందు పొటాషియం మాత్రలతో దాన్ని నార్మల్‌కు తేవాలి, లేకపోతే ఆల్డోస్టిరాన్ తక్కువగా కనబడి జబ్బు లేదనిపిస్తుంది. ఆ రోజుల్లో ఉప్పు తగ్గించకండి, ఎప్పటిలాగే తినండి. పొద్దున లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చుని రక్తం ఇవ్వాలి. మీ మూడు మాత్రల పేర్లూ డాక్టరుకు చూపించండి. కొన్ని ఫలితాన్ని మారుస్తాయి, కానీ సొంతంగా ఏదీ ఆపొద్దు.

జబ్బు ఉందని తేలితే ఒక వైపా, రెండు వైపులా అనేది చూస్తారు. స్కాన్ ఒక్కటే సరిపోదు, అడ్రినల్ సిరల నుంచి రక్తం తీసి పోల్చాల్సి రావచ్చు. ఒక వైపే అయితే చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్‌తో ఆ గ్రంథి తీసేస్తారు. రెండు వైపులా అయితే ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్. చవకైన మాత్ర, బాగా పనిచేస్తుంది. మగవాళ్లలో కొందరికి రొమ్ములు ఉబ్బి నొప్పెడతాయి, అప్పుడు ఎప్లెరినోన్‌కు మారుస్తాం. ఆల్డోస్టిరాన్ తయారీనే అడ్డుకునే కొత్త మందుల మీద 2025లో మంచి ఫలితాలు వచ్చాయి గానీ, మీరు వాటికోసం ఆగాల్సిన పని లేదు.

నాన్నగారి పక్షవాతం సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా వస్తుంది. తోడబుట్టినవాళ్లు ఉంటే వాళ్ల బీపీ కూడా ఈ వారంలోనే చూపించండి.