మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈనా, జేఎన్టీయూ క్యాంపస్‌లో ఈఈఈనా?

మీ అబ్బాయికి తెలంగాణ ఈఏపీసెట్‌లో 20 వేలు దాటిన ర్యాంకు వచ్చింది, జేఎన్టీయూ జిల్లా క్యాంపస్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్) దొరికేలా ఉంది, హైదరాబాద్ శివార్లలో ఓ ప్రైవేటు కాలేజీ తానే నేరుగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) ఇస్తానంటోంది, ఏది తీసుకోవాలి అని అడిగారు. నేను జగిత్యాల దగ్గర నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలో ఈఈఈ చదివాను. మా తమ్ముడు హైదరాబాద్ పక్కన ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ, అదీ కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు. ఇద్దరి ఫీజులూ నాన్నే కట్టారు కాబట్టి ఆ లెక్కలు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు.

అప్పు చేసి డొనేషన్ మాత్రం కట్టకండి. ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, మిగతా 30 మేనేజ్‌మెంట్‌వి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీట్లకే. డొనేషన్‌కు రసీదు అడిగి చూడండి, ఇవ్వరు. క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం 1983 నుంచీ ఉంది మరి!

కన్వీనర్ సీటు వచ్చినా రీయింబర్స్‌మెంట్‌ను పూర్తిగా నమ్ముకోకూడదు. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10 వేలు దాటితే ఏడాదికి 35 వేల వరకే ఇస్తారు. ఆదాయ పరిమితి ఊళ్లో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు. పేరున్న కాలేజీల్లో కన్వీనర్ ఫీజే లక్షన్నర చుట్టుపక్కల ఉంది, మిగతాది మన జేబులోంచే పోవాలి. పైగా ఆ 35 వేలు కూడా టైముకు రావు. బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. మా తమ్ముడి కాలేజీలో అయితే "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం" అన్నారు. కోర్సు అయిపోయాక బాకీ తీర్చేదాకా సర్టిఫికెట్లు ఇవ్వలేదు. వాడికి అప్పుడే ఉద్యోగంలో చేరాల్సిన తేదీ ఉండటంతో ఇంట్లో ఒకటే టెన్షన్, నాన్న చిట్టీ పాడి కట్టారు.

కౌన్సెలింగ్‌లో చూపించే ఫీజులో రానివి ఇంకా ఉంటాయి. బస్సు ఫీజు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో ఓ ఫీజు, కూకట్‌పల్లిలో ప్రైవేటు హాస్టల్. వాడికి ఈ పైఖర్చులే ట్యూషన్ ఫీజుకు దాదాపు సమానమయ్యాయి. నాకు క్యాంపస్ హాస్టల్, మెస్ బిల్లు డివైడింగ్ పద్ధతిలో, అంటే నెల ఖర్చును తినేవాళ్లందరం పంచుకోవడం. అన్నం గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు కానీ, నాలుగేళ్లలో నాకైన ఖర్చు వాడికి ఏడాదిన్నరకే దాటిపోయింది.

అలాగని క్యాంపస్ స్వర్గమేమీ కాదు. చాలామంది కాంట్రాక్టు లెక్చరర్లు, కొన్ని ల్యాబుల్లో పరికరాలు పాతవి, అంత దూరం వచ్చే కంపెనీలు తక్కువ. ఉద్యోగం కోసం నేను కోర్సయ్యాక అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నాను, ఆ ఫీజు కూడా నా లెక్కలో కలపాలి. తమ్ముడికి ఫైనలియర్‌లోనే ఆఫర్ వచ్చింది. కంపెనీల విషయంలో ప్రైవేటుదే పైచేయి, కాదనను.

అందుకే కన్వీనర్ కోటాలో ఓ మోస్తరు ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ గానీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) గానీ వచ్చి, పైఖర్చులు మీరు భరించగలిగితే, దాన్ని క్యాంపస్ ఈఈఈతో పోల్చి చూడటంలో అర్థం ఉంది. మేనేజ్‌మెంట్ సీటైతే నేను క్యాంపస్‌కే ఓటేస్తాను. ఆ సీటు కోసం 8 లక్షలు అప్పు చేశారనుకుందాం, 10 శాతం వడ్డీతో ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 13 వేలకు పైనే కట్టాలి, చదువుతున్నప్పుడు పేరుకునే వడ్డీ కాక. ఫ్రెషర్ జీతంలో అది చిన్న మొత్తం కాదు. ఎలాగూ లోన్ తప్పదంటే, ఏడున్నర లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు పెట్టాల్సిన పనిలేదని బ్యాంకులో గట్టిగా అడగండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఓసారి ఆ ప్రైవేటు కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో వాళ్లను కాకుండా, గేటు బయట టీ తాగుతున్న థర్డియర్ పిల్లల్ని పోయినేడు మొత్తం ఎంత కట్టారో అడగండి.