మ్యూజిక్ సాఫ్ట్‌వేర్: నెల చందానా, ఒకేసారి కొనడమా?

ప్రశ్న: మాది బొబ్బిలి. ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని జానపదాలు, పెళ్లి పాటలు, షాపుల ప్రకటనలు రికార్డు చేస్తున్నాను. సీజన్‌లో నెలకు పాతిక వేల దాకా వస్తాయి. ఆషాఢంలో, మూఢాల్లో ఐదు వేలు రావడమూ కష్టమే. విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, చేతిలో 18,000 ఉన్నాయి. నెలకు 900 కట్టే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా, ఒకేసారి కొనేయాలా?

జవాబు: మీకు నెల చందా వద్దండి. 900 అంటే చిన్న మొత్తమే అనిపిస్తుంది, ఐదేళ్లకు 54,000 అవుతుంది. ముహూర్తాలు లేని నెలల్లో కూడా ఆ కోత ఆగదు.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది మీ పాత ప్రాజెక్టుల సంగతి. పోయిన సంక్రాంతికి బట్టల షాపు ప్రకటన చేశారనుకోండి. ఈసారి ఓనరు వచ్చి ‘అదే పాట, ఆఫర్ ఒక్కటి మార్చండి’ అంటారు. చందా ఆగిపోయి ఉంటే ఆ ఫైలు తెరవడానికే మళ్లీ డబ్బు కట్టాల్సి రావచ్చు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, పని అయిన రోజే గొంతు, డప్పు, కీబోర్డు దేనికది వేవ్ ఫైలుగా (ఏ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు ఆడియో ఫైలు) తీసి వేరే హార్డ్‌డిస్క్‌లో దాచండి.

ఒకేసారి కొనేవాటిలోనూ అప్‌డేట్ల పద్ధతి ఒకటి కాదు. ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే ఆ ఎడిషన్‌కు జీవితాంతం అప్‌డేట్లు ఉచితం. కాకపోతే అందరూ ముందు చూసే చవక ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డు చేయడం కుదరదు. మీకు ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి, ధర దాదాపు రెట్టింపు. ఏబుల్టన్ లైవ్‌కు చిన్న అప్‌డేట్లు ఉచితమే గానీ పెద్ద వెర్షన్‌కు మళ్లీ కట్టాలి. 11వ వెర్షన్ 2021లో, 12వది 2024లో వచ్చాయి. పాతది పనిచేస్తూనే ఉంటుంది, ప్రతిసారీ మారక్కర్లేదు. లాజిక్ ప్రో ఆపిల్ పరికరాల్లోనే నడుస్తుంది, వదిలేయండి.

నా ఓటు రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు. ఏడాది రాబడి 20,000 డాలర్లు దాటనివారికి 60 డాలర్ల లైసెన్సు ఉంది, మీరు ఆ లోపలే ఉన్నారు. కార్డు ఛార్జీలతో ఐదారు వేలు అవుతుంది. ఇప్పటి వెర్షన్‌తో పాటు తర్వాతి పెద్ద వెర్షన్‌కూ అదే చెల్లుతుంది. ముందు 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడి చూడొచ్చు. ఒక్క లోటు, రెడీమేడ్ వాయిద్యాలు దాంతో పెద్దగా రావు. గొంతు, డప్పు నేరుగా రికార్డు చేసే మీకు అది అడ్డు కాదు. బీట్లు కట్టడమే మీ ప్రధాన పని అయితే మాత్రం ఎఫ్‌ఎల్ ప్రొడ్యూసర్‌కే వెళ్లండి.

మిగిలిన 12 వేలు ప్లగిన్లకు (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించే ఎఫెక్టులు, వాయిద్యాలు) తగలేయకండి, దయచేసి. అది మీ ఆషాఢం ఇంటిఖర్చు, బ్యాంకులో విడిగా ఉంచండి. ప్లగిన్ల నియమాలు రాత్రికి రాత్రే మారతాయి కూడా. 2023 మార్చిలో ప్లగిన్లు చేసే వేవ్స్ కంపెనీ ఒకేసారి అమ్మడం ఆపేసి చందా మాత్రమే అంది. వాడేవాళ్లు మండిపడ్డాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

రేపు విశాఖ స్టూడియో ఏదైనా ప్రో టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఫైలే కావాలంటే ఆ ఒక్క నెలకు చందా తీసుకుని, ఆ డబ్బు పార్టీ బిల్లులో కలపండి. కట్టేముందు అది నెల ఒప్పందమా, నెలనెలా కట్టే ఏడాది ఒప్పందమా చదవండి. రెండోదైతే మధ్యలో మానేయడానికి వీలుండకపోవచ్చు. ఆటో డెబిట్‌కు 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. అంతదాకా ఆగకుండా, పని అప్పజెప్పిన రోజే రద్దు చేసేయండి.