పైనీరు చప్పగా, మోటారు నీరు ఉప్పగా ఎందుకు?
తాళ్ళరేవు వైపు గోదావరి గౌతమి పాయలో చేత్తో ముంచిన నీరు చప్పగా ఉన్నా, మోటారు తోడిన నీరు ఉప్పగా వస్తోందని రాశారు. మోటారులో లోపమేమీ లేదండి. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలున్న సముద్రజలం బరువైనది కనుక, పోటు వేళ అది నది అడుగునే పాకుతూ లోపలికి చొచ్చుకొస్తుంది; తేలికైన మంచినీరు దాని మీదుగా సముద్రంలోకి జారిపోతుంది. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు ప్రవాహం తగ్గడంతో ఉప్పు మరింత ఎగువకు ఎక్కుతుంది. కాబట్టి ఫుట్‌వాల్వును (నీరు పీల్చే గొట్టం చివరి వాల్వును) అడుగున వదలకుండా, తేలే డ్రమ్ముకు కట్టి పైపొరలోనే ఉంచి, పాటు (పోటు తగ్గి నీరు వెనక్కి తీసే సమయం) చివరి వేళ తోడండి. ముందుగా సీసాకు తాడు కట్టి, వేర్వేరు లోతుల్లో నీరు తీసి లవణత కొలవండి. పొర ఎక్కడ మారుతోందో తెలుస్తుంది. నిండు వేసవిలో పొరలు కలిసిపోయి పైనీరు కూడా ఉప్పెక్కవచ్చు. అప్పుడు మాత్రం దయచేసి దానిని వరినారుకు పెట్టకండి.