థియేటర్‌లో ఇంప్రావ్ షో పండాలంటే ముందు హాల్‌ని దగ్గరికి లాక్కోవాలి

మీరు అడిగింది ఇది: హనుమకొండ కేఫ్‌లలో, కాలేజీ ఫెస్టుల్లో మీ బృందం ఇంప్రావ్ కామెడీ, అంటే జనం ఇచ్చే మాట మీద అక్కడికక్కడే అల్లి ఆడే హాస్యం, చేస్తోంది. ఇప్పుడు పెద్ద ఆడిటోరియం తీసుకుని, టికెట్ పెట్టి చేయాలనుకుంటున్నారు. స్క్రిప్ట్ లేని షో అంత పెద్ద స్టేజీ మీద పండుతుందా, ఏమేం చూసుకోవాలి?

పండుతుంది. మేం వరంగల్‌లోనూ, కరీంనగర్‌లోనూ హాళ్లలో చేశాం కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. అయితే కేఫ్‌లో మీకు అడగకుండానే దొరికేది ఒకటి హాల్‌లో దొరకదు. మనుషులు దగ్గరగా ఉండటం. కేఫ్‌లో చివరి బెంచీ మీద ఎవరైనా ముక్కు చీదినా మీకు వినబడుతుంది, మీరు కనుబొమ్మ ఎగరేసినా వాళ్లకు కనబడుతుంది. ఆడిటోరియం కట్టిందే రాసుకున్న నాటకం కోసం. జనం చీకట్లో, నటులు వెలుగులో, మధ్యలో తెర. మన ఆటకు ఆ దూరం పడదు. డబ్బయినా, రిహార్సలైనా, మీ తలనొప్పంతా అయినా ఆ దూరం తగ్గించడం మీదే పెట్టండి. జోకుల గురించి తర్వాత ఆలోచించవచ్చు.

"మన జనానికి ఇది అర్థం కాదేమో" అన్న భయం ఉంటే తీసి పక్కన పెట్టండి. అవధానం చూసిన వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది ఏముంది? దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు పొంతన లేని మాటలు ఇస్తాడు, అవధాని వాటితో అక్కడికక్కడే పద్యం అల్లుతాడు. అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు, దానికి నవ్వించే జవాబు వెంటనే రావాలి. బుర్రకథలో హాస్య వంత కథ మధ్యలో ఆ ఊరి సంగతులు లాగి నవ్విస్తాడు. పైగా ఇది మిమిక్రీ చేసిన నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు. ఒక మనిషి, ఒక మైకు, వంద గొంతులు అనే సంగతి ఇక్కడి పెద్దలకు కళ్లారా తెలుసు. వాళ్లకు మీరు ఒక్కటే స్పష్టంగా చెప్పాలి: "మేం ఏమీ రాసుకుని రాలేదు, మీరిచ్చే మాట మీదే ఆట." ఇది నమ్మించగలిగితే సగం షో అయిపోయినట్టే. అందుకే మొదటి మాట ముందు వరుసలోని స్నేహితుల దగ్గర తీసుకోకండి. వెనక నుంచి, ఎవరికీ తెలియని మనిషి దగ్గర తీసుకోండి.

ఇక హాల్ సంగతి. బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో తెరిచాక ఊళ్లో ప్రతి బృందానికీ అక్కడ చేయాలన్న కోరిక పుట్టింది. సహజం, అందమైన భవనం. కానీ అందులో వెయ్యికి పైగా సీట్లు. మీకు కచ్చితంగా వస్తారనుకునే జనం రెండు వందలైతే మొదటి షోకు చిన్న హాల్ చూసుకోండి. నవ్వు పక్క మనిషి నుంచి అంటుకుంటుంది. పక్కన నాలుగు ఖాళీ సీట్లుంటే అదే జోకుకు మనిషి లోపల్లోపల నవ్వుకుని ఊరుకుంటాడు. పెద్ద హాలే దొరికితే బాల్కనీ మూసేయండి, వెనక వరుసలకు తాడు కట్టండి, టికెట్ మీద సీటు నంబర్ వేయకుండా ముందు నుంచి నింపుకుంటూ రండి. "వీఐపీ" అని ముందు రెండు వరుసలకు తెల్ల గుడ్డ కప్పి ఖాళీగా ఉంచే అలవాటు ఉంది చూశారా, అది మన షోకు విషం. నటులు నవ్వించాల్సిన మొదటి మొహాలే అక్కడ ఉండవు.

స్టేజీ మొత్తం వాడకండి. మధ్య తెర ఉంటే అది మూసేసి, ముందు మూడో వంతులోనే ఆడండి. పోడియం, పూల కుండీలు, ఫ్లెక్సీ స్టాండు అన్నీ తీయించండి. చేతులు లేని కుర్చీలు నాలుగు చాలు. అవే బస్సు అవుతాయి, మంచం అవుతాయి, తహసీల్దార్ ఆఫీసు అవుతాయి. ఆ సీన్‌లో ఆడనివాళ్లు వింగులో, అంటే స్టేజీ పక్కన జనానికి కనబడని చోట, నిలబడొద్దు, స్టేజీ మీదే రెండు పక్కలా కనబడేలా కూర్చోవాలి. స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి వింగులోకి మాటలు సరిగా రావు. తోటివాడు తన పాత్రకు ఏం పేరు పెట్టాడో వినకపోతే, తర్వాత లోపలికొచ్చినవాడు వేరే పేరుతో పిలుస్తాడు, కథ అక్కడే తెగిపోతుంది. అభినయం కూడా పెంచుకోవాలి. పాల ప్యాకెట్ మూల చింపడం పదిహేనో వరుసకు కనబడదు. గేదె పాలు పితకడం కనబడుతుంది.

మైకుల విషయంలో పిసినారితనం వద్దు. ఆడే ప్రతి ఒక్కరికీ చెవికి తగిలించుకునే హెడ్‌సెట్ మైకు ఉండాలి. చేతి మైకు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే, కాలర్ మైకు పెట్టుకుంటే కౌగిలించుకున్నప్పుడల్లా బరబర శబ్దం. అన్నిటికీ కొత్త బ్యాటరీలు వేయించండి. జనంలో తిరగడానికి ఇద్దరు వలంటీర్లు, ఇద్దరి చేతుల్లో చెరో వైర్‌లెస్ మైకు. వచ్చిన మాటను హోస్టు మళ్లీ గట్టిగా చెప్పాలి. అది మర్యాద కోసం చెప్పేది కాదు. ఆ మాట వినని మనిషికి తర్వాత జరిగేదంతా ముందే రాసుకొచ్చినట్టే కనిపిస్తుంది.

లైట్ల గురించి మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. నాటకంలో లైటు మనిషికి క్యూ షీటు ఉంటుంది, ఏ మాటకు ఏ లైటు మార్చాలో రాసిన కాగితం. మన దగ్గర క్యూ అన్నదే లేదు. సీన్ ఎప్పుడు ముగించాలో తేల్చేది ఆయన వేలే. నవ్వు పైకి లేచిన క్షణంలో లైటు ఆపితే సీన్ బంగారం. రెండు సెకన్లు ఆలస్యమైతే నటులు ఇంకో మాట కోసం తడుముకుంటారు, జనం అది కనిపెట్టేస్తారు. హాల్‌లో పనిచేసే అన్నలు పనిమంతులే. కానీ వాళ్లు మన ఆట ఎప్పుడూ చూసి ఉండరు. అందుకే మీ బృందంలో బాగా ఆడే ఒకరిని ఆ రోజు ఆడించకుండా లైటు బోర్డు దగ్గర కూర్చోబెట్టండి. త్యాగంలా అనిపిస్తుంది. షో చూశాక మీకే తెలుస్తుంది, ఆ రోజు అందరికంటే ఎక్కువ ఆడింది ఆ మనిషేనని. ఇంకో మాట, హాల్ లైట్లు పూర్తిగా ఆర్పొద్దు. మాట అడిగేటప్పుడు సగానికి పెంచండి, ఆడేటప్పుడు కాస్త తగ్గించండి. చీకట్లో కూర్చున్నవాడు నోరు విప్పడు.

ఒక సీన్ చెప్తాను. మా హోస్టు "మీ ఇంట్లో పాతబడినా పారేయడానికి మనసు రాని వస్తువేంటి?" అని అడిగింది. మధ్య వరుసల్లోంచి ఒక పెద్దాయన "మా బాపు సైకిల్" అన్నారు. మా వాడొకడు ఏమీ మాట్లాడకుండా గొంతుక్కూర్చుని, లేని సైకిల్ టైరుకు లేని పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టి, టైరు నొక్కి చూసి, మళ్లీ కొడుతున్నాడు. రెండో ఆమె వచ్చి పక్కన నిలబడి "గాలి నిల్వదని ఎరికే గదనే, ఎన్నేండ్లు కొడ్తవ్?" అంది. "నిల్వద్దనే కొడ్తున్న. నిలిస్తే రేపు నేనేం జెయ్యాలె?" హాల్ మొత్తం ఒక్కసారి నవ్వింది. బోర్డు దగ్గరున్న మనిషి మాత్రం లైటు ఆపలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, చుట్టూ లైటు మెల్లగా తగ్గించి, వాళ్లిద్దరి మీదే ఉంచాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు అన్నాచెల్లెళ్లు ఆ సైకిల్ ఎవరు ఉంచుకోవాలని తగవు పడ్డారు. జోకు కోసం ఎవరూ వెతుక్కోలేదు, అయినా నవ్వులు వస్తూనే ఉన్నాయి. పెద్ద హాల్ మీకిచ్చేది ఇదే. కేఫ్‌లో అంతసేపు మౌనంగా గాలి కొట్టే ధైర్యం రాదు, పక్కన కాఫీ మెషీన్ మోగుతుంటుంది.

ఆ సీన్‌లో మీరు గమనించాల్సింది అడిగిన తీరు. "ఏదైనా ఒక మాట చెప్పండి" అంటే వచ్చేవి హీరోల పేర్లు, బాత్రూం మాటలు, లీడర్ల పేర్లు. ప్రశ్న ఇరుకుగా ఉంటే జవాబు ఆ మనిషి జీవితంలోంచి వస్తుంది. "ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు లైన్‌లో నిలబడి ఎవరితో మాట్లాడుతుంటాడు?" "కాజీపేటలో రైలు ఆలస్యమైతే మీరేం చేస్తారు?" ఇలాంటివి ముందే ఇరవై రాసి పెట్టుకోండి. స్క్రిప్ట్ ఉండొద్దన్నది సీన్లకే, ప్రశ్నలు మాత్రం తయారుగా ఉండాలి. కులం మీద, ఎవరి ఒంటి రంగు మీద, జనంలో కూర్చున్న ఎవరి మీదా జోకు వద్దు. స్టేజీ మీదికి పిలిచిన మనిషి దిగేటప్పుడు హీరోలా దిగాలి. అలాగే మీ బృందంలోని అమ్మాయిలతో ముందే కూర్చుని ఎక్కడ ముట్టుకోవచ్చు, ఏ తరహా సీన్ వద్దు అన్నది తేల్చుకోండి. ఎవరో ఈల వేస్తే ఏం చేయాలో హోస్టుకు తెలిసి ఉండాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

షో ఎలా అమర్చాలంటే, మొదటి సగం చిన్న చిన్న గేములు, అంటే ఏదో ఒక నియమం పెట్టుకుని ఆడే పొట్టి సీన్లు, ఇంటర్వెల్ తర్వాత ఒకే మాట మీద నడిచే పొడవాటి కథ. మొత్తం గంటన్నర దాటొద్దు. గేముల మూలం షికాగోలో పిల్లలతో పనిచేసిన వయోలా స్పోలిన్ దగ్గరుంది. ఆమె కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో అక్కడే సెకండ్ సిటీ అనే కామెడీ థియేటర్ పెట్టాడు. అక్కడ ఇంప్రావ్‌లో పుట్టిన సీన్లలో బాగున్నవాటిని చెక్కి, తర్వాతి షోలో స్కెచ్‌లుగా, అంటే ముందే రాసుకున్న చిన్న హాస్య నాటికలుగా, వేస్తారు. మీకు మరీ భయంగా ఉంటే ఆ దారి పట్టొచ్చు, గతంలో బాగా పండినవి రెండు మూడు స్కెచ్‌లుగా పెట్టుకోండి. కానీ అవి స్కెచ్‌లని జనానికి చెప్పి ఆడండి. రెండు జట్లుగా పోటీ పెట్టుకునే పద్ధతి నాటక దర్శకుడు కీత్ జాన్‌స్టన్ 1977లో కెనడాలోని కాల్గరీలో మొదలుపెట్టాడు. కుస్తీ పోటీల్లో అరిచే జనాన్ని చూసి, థియేటర్‌కు అలాంటి జనం కావాలనుకున్నాడు. మన దగ్గర ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది, హనుమకొండ జట్టు, వరంగల్ జట్టు అంటే చాలు. ఆయన పెట్టిన థియేటర్‌స్పోర్ట్స్ అన్న పేరుకు మాత్రం లైసెన్సు ఉంది, పోస్టర్ మీద మీ సొంత పేరే వేసుకోండి.

ఇక సన్మానాలు. హాల్ అనగానే ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఒక్కొక్కరు "రెండు ముక్కలు" అంటూ పావుగంట. సాయం చేసినవాళ్లను గౌరవించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదంతా షో అయ్యాక పెట్టండి. గంటసేపు ఉపన్యాసాలు విన్న జనం ఒళ్లు బిగిసిపోయి ఉంటారు, వాళ్లను మళ్లీ కదిలించడానికే మీ మొదటి సగం అయిపోతుంది. అతిథిని పిలిచేటప్పుడే "సార్, మీరు చూడటానికి రావాలి, మాటలు చివర్లో" అని చెప్పేయండి. మంచివాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

అనుమతుల దగ్గర ఒక చిక్కు వస్తుంది. హాల్ వాళ్లు కానీ పోలీసులు కానీ కార్యక్రమం వివరాలు అడుగుతారు, మీ దగ్గర స్క్రిప్ట్ ఉండదు. ఒక పేజీ రాసి ఇవ్వండి: ఎవరెవరు ఆడతారు, ఎంతసేపు, ఏ గేములు, ఏ విషయాల జోలికి పోరు. హాల్ అద్దె షిఫ్టుల లెక్కన ఉంటుంది. కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్, డిపాజిట్ అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. సౌండ్, లైట్లు సరిచూసుకునే సమయం కూడా అదే షిఫ్టులో ఇరుక్కోకుండా ముందే మాట్లాడుకోండి. టికెట్ 500 రూపాయలు దాటకపోతే నాటక ప్రదర్శనకు జీఎస్టీ మినహాయింపు ఉంది, మీ షో ఆ కిందికి వస్తుందని ఆడిటర్‌తో ఒకసారి ఖాయం చేసుకోండి. సినిమా పాటలు వేస్తే హక్కుల లైసెన్సు గొడవ ఉంటుంది. దాని బదులు కీబోర్డు వాయించే మనిషి ఒకరు, డప్పు వాయించే మనిషి ఒకరు ఉంటే సీన్‌తో పాటే పాటా పుడుతుంది.

తేదీ విషయంలో బతుకమ్మ రోజులు, మేడారం జాతర వారం, గట్టి పెళ్లి ముహూర్తాలు వదిలేయండి. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా వదిలితే జనగామ, పరకాల వాళ్లు కూడా బస్సు అందుకుంటారు. హాల్ ఖాయమయ్యాక స్టేజీ కొలతలు, మీ బృందంలో ఎంతమంది, ఏ గేములు బాగా వచ్చు అన్నది ఇక్కడే రాయండి. ఏది ముందు పెట్టాలో, ఏది ఆ స్టేజీకి సరిపడదో చూసి చెప్తాను.