ఏడో తరగతి పిల్లాడికి చదువు అలవాట్లు ఎలా నేర్పాలి? ముందు గోడ మీది టైం టేబుల్ తీసేయండి

మీరు అడిగింది ఇదీ: బాబు ఏడో తరగతి, ఐదు దాకా బాగా చదివేవాడు, ఇప్పుడు హోంవర్క్ మర్చిపోతున్నాడు, పుస్తకాలు ఇంట్లో వదిలేసి వెళ్తున్నాడు, రోజూ డైరీలో ఎర్ర ఇంకుతో ఏదో ఒకటి రాసి వస్తోంది, పొద్దున ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా టైం టేబుల్ రాసి గోడకి అంటిస్తే నాలుగు రోజులు కూడా సాగలేదు, వీడికి మంచి అలవాట్లు ఎలా నేర్పాలి అని.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదహారేళ్లుగా ఎక్కువగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకే చెబుతున్నాను. నాకూ ఒక అమ్మాయి ఉంది, ఇప్పుడు ఇంటర్. ఇంట్లో ఎలా ఉంటుందో, బళ్లో ఎలా ఉంటుందో రెండూ చూశాను కాబట్టి చెబుతున్నాను, ముందు ఆ టైం టేబుల్ తీసేయండి. ఇవాళే తీసేయండి. అది ఎదురుగా ఉన్నంత కాలం ఇది కూడా నీ వల్ల కాలేదని రోజూ వాడికి గుర్తు చేస్తూనే ఉంటుంది.

మీరు రాసిన దాంట్లో "ఐదు దాకా బాగా చదివేవాడు" అన్న మాట నేను ప్రతి ఏడాదీ వింటాను. ప్రైమరీలో చాలా చోట్ల ఒకరో ఇద్దరో టీచర్లు ఉంటారు. ఏ పుస్తకం తియ్యాలో, ఎవరి పని మిగిలిందో ఆ టీచరే గుర్తు పెట్టుకుంటుంది, పిల్లలకి ఆ అవసరమే రాదు. ఆరుకి వచ్చేసరికి సబ్జెక్టుకొక టీచర్, మన దగ్గర సర్కారు బళ్లలో హిందీ కూడా అప్పుడే కొత్తగా మొదలవుతుంది, ఒక్కో సబ్జెక్టుకి రెండేసి నోట్సులు, ఫార్మేటివ్ పరీక్షలకి ప్రాజెక్టు పనులు. నేనిచ్చిన లెక్కల సంగతి సోషల్ టీచర్‌కి తెలియదు, ఆయనిచ్చిన మ్యాపు సంగతి నాకు తెలియదు. అప్పటిదాకా ఒక పెద్ద మనిషి తలలో ఉన్న బాధ్యతంతా ఒక్క వేసవి సెలవుల్లో పదకొండేళ్ల పిల్లాడి మీదికి వచ్చి పడింది. దాన్ని ఎలా మోయాలో ఎవరూ చూపించలేదు, మనం మాత్రం దానికి బద్ధకం అని పేరు పెట్టేశాం.

నేనూ ఆ పేరే పెట్టాను, ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నా క్లాసు గోడకి పెద్ద చార్ట్ కట్టాను, పన్నెండు మంచి అలవాట్లు, ప్రతి పిల్లకీ ఒక వరస, రోజూ టిక్కులు పెట్టాలి. తెల్లవారుజామున లేవడం, పళ్లు రెండు పూటలా తోముకోవడం, గంటన్నర చదవడం, పెద్దలకి సాయం చేయడం, అన్నీ రాశాను. వారం తిరిగేసరికి చార్టంతా టిక్కులతో నిండిపోయింది, హోంవర్క్ మాత్రం ఎప్పటిలాగే రాలేదు. ఒక అమ్మాయి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, "మేడం, అసెంబ్లీ బెల్లు కొట్టకముందే అందరం ఒకేసారి పెట్టేసుకుంటున్నాం" అని. ఆ పిల్లల్ని నేనేమీ అనలేదు. చేయలేనిది అడిగి, చేశామని చెప్పుకునే దారి కూడా నేనే చూపించాను కదా.

నాకు నిజంగా కళ్లు తెరిపించింది మాత్రం ఇంకో అబ్బాయి. వాడూ ఏడో తరగతే. నోటి లెక్కల్లో చురుకు, భిన్నాల కూడికలు కూడా కాగితం లేకుండా చెప్పేవాడు, కానీ వారంలో నాలుగు రోజులు లెక్కల నోట్సు ఉండేది కాదు. "ఇంట్లో మర్చిపోయా మేడం." ఎన్నిసార్లు నిలబెట్టానో నాకే లెక్క లేదు. ఒక ఫిబ్రవరిలో బడి మానేసిన పిల్లల వివరాల కోసం వాళ్ల వీధికి వెళ్లాల్సి వచ్చింది. మా వైపు అది పొగాకు ఆకు కాల్చే బ్యారన్ల కాలం, వాళ్ల అమ్మానాన్న తెల్లారకముందే పనికి పోతే చీకటి పడ్డాకే రాక. నేను వెళ్లేసరికి వాడు అంగన్‌వాడీ నుంచి చెల్లెల్ని తెచ్చుకుని, పొయ్యి మీద ఎసరు పెట్టి, దాని ముందు కూర్చుని ఉన్నాడు. ఒకే గది, ఒక మంచం. మంచం కింద గోనె పట్టా మీద వాడి పుస్తకాలు, అక్క పుస్తకాలు, చెల్లెలి పలక, బియ్యం చాట అన్నీ కలిసి ఉన్నాయి. నా లెక్కల నోట్సు నాకు కనబడింది, అట్ట మీద పాలచుక్కలు ఎండి ఉన్నాయి. పొద్దున్నే చీకట్లో ఆ పట్టా మీద చేతికందినవి సంచిలో వేసుకుని వచ్చేవాడు. మర్చిపోయానన్న మాట నిజమే, కానీ నేను అనుకున్న రకంగా కాదు.

ఆ సాయంత్రం నేను వాడికి నీతులేమీ చెప్పలేదు. "నీ సంచికి ఒక మేకు కొడదామా?" అన్నాను. తలుపు పక్కన గోడకి, చెల్లెలి చెయ్యి అందనంత ఎత్తులో వాడే కొట్టుకున్నాడు, పక్కింటి నుంచి సుత్తి తెచ్చి. తర్వాత ఒక్కటే మాట అనుకున్నాం: ఎసరు పెట్టగానే సంచి సర్దుకోవాలి. నీళ్లు మరిగేలోపు రేపటి పీరియడ్లు చూసుకుని, ఆ పుస్తకాలు సంచిలో పెట్టి, మేకుకి తగిలించాలి. అంతే. చదవమని అనలేదు, తెల్లారి లెమ్మని అనలేదు. ఎసరు వాడు ఎలాగూ రోజూ పెడతాడు, దాన్ని గుర్తు చేయాల్సిన పని లేదు, ఇంట్లో ఆకలే గుర్తు చేస్తుంది. కొత్త పనిని ఆ పాత పనికి కట్టేశాం.

తర్వాత ఎప్పుడో చదివితే తెలిసింది, పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఇలాంటి దాని గురించే రాశారు, "బాగా చదువుతాను" అనుకునే కంటే "ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను" అని ముందే అనుకుంటే ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని. మీ ఇంట్లో ఎసరు కాకపోవచ్చు. బడి నుంచి రాగానే చెప్పులు విప్పడమో, పాలు తాగిన గ్లాసు సింకులో పెట్టడమో, రోజూ మీరు చెప్పకుండానే వాడు చేసే పని ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోండి. "సాయంత్రం ఆరింటికి" అని గడియారానికి కడితే మొదటి రోజు చుట్టాలొస్తే పోతుంది.

ఇప్పుడు మీ నాలుగు రోజుల సంగతి. నాలుగు రోజుల్లో ఏ అలవాటూ రాదు, అందులో మీ బాబు తప్పేమీ లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు కలిసి 96 మందిని గమనించి 2009లో ఫలితాలు చెప్పారు, భోజనంతో పాటు ఒక పండు తినడం లాంటి చిన్న పని కూడా ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టిందని, కొందరికి 18 రోజుల్లోనే వస్తే కొందరి విషయంలో లెక్క 254 రోజుల దాకా వెళ్లిందని. వాళ్లంతా పెద్దవాళ్లు, అలవాటు కావాలని తమంతట తాము అనుకున్నవాళ్లు. అందులోనే నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది, మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బ తినలేదట. మన ఇళ్లలో జరిగేదేమిటంటే ఒక్క రోజు తప్పితే "చూశావా, నీ వల్ల కాదని నాకు ముందే తెలుసు" అనేస్తాం. అప్పటిదాకా చేసిన పదిరోజులూ ఆ ఒక్క మాటతో పోతాయి. తప్పిన రోజు ఏమీ అనకండి, మర్నాడు మామూలుగా "సంచి సర్దావా నాన్నా" అని అడగండి చాలు.

బళ్లో నేను చేసింది కూడా చెబుతాను, మీ బాబు టీచర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. ప్రతి పిల్లకీ ఒక చిన్న నోట్సు, పేరు "రేపటి పని". చివరి పీరియడ్ అయ్యాక ఇంటి బెల్లు ముందు ఐదు నిమిషాలు అందరూ అది తెరవాలి. రోజంతా ఎవరెవరు ఏం ఇచ్చారో పిల్లలే చెబుతుంటే మొదటి నెల నేను బోర్డు మీద రాసేదాన్ని, వాళ్లు ఎక్కించుకునేవాళ్లు. రెండో నెల బోర్డు మీద సబ్జెక్టు పేర్లు మాత్రమే. మూడో నెల బోర్డు ఖాళీ, పక్కవాళ్లతో సరిచూసుకోవడమే. తోటి టీచర్లలో ఒకరు "పాఠాలే అవడం లేదు, రోజూ ఐదు నిమిషాలా" అన్నారు, ఆయన బాధ నిజమే, సిలబస్ ఎవరికైనా భారమే. కానీ అంతకుముందు ప్రతి పీరియడ్ మొదట్లో నోట్సులు తేని వాళ్లని నిలబెట్టి అడగడానికే అంతకంటే ఎక్కువ పోయేది. మీ బళ్లో డైరీ ఉంది కాబట్టి ఒకసారి గమనించండి, అందులో రాసేది టీచరా, మీవాడా? టీచర్ రాసి, మీరు చదివి, మీరు గుర్తు చేస్తుంటే ఆ డైరీలో వాడి పని ఏమీ లేదు, అది మీ ఇద్దరి మధ్య ఉత్తరం. వాడి చేత్తో వాడు రాసుకోవాలి, వంకర అక్షరాలైనా సరే.

చదివే పద్ధతి గురించి క్లుప్తంగా. మన పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని అదే పేరా పదిసార్లు పైకి చదువుతారు, మనకి వినబడుతుంది కాబట్టి చదువుతున్నాడని మనం నిశ్చింతగా ఉంటాం. ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత రాయమనండి. మొదట రెండు ముక్కలే వస్తాయి, వాడికి చిరాకేస్తుంది. ఆ చిరాకు దగ్గరే అసలు నేర్చుకోవడం జరుగుతుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించి చూశారు, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత అడిగితే చూడకుండా రాసి చూసుకున్నవాళ్లకి ఎక్కువ గుర్తుంది. రోజుకి ఇరవై నిమిషాలు ఇలా కూర్చుంటే మొదట్లో చాలు. గంటన్నర అని మొదలుపెట్టకండి.

నిద్ర, ఫోన్. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని, పదమూడు దాటాక ఎనిమిది నుంచి పది గంటలైనా ఉండాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. మీ టైం టేబుల్లో తొమ్మిదిన్నర నుంచి ఐదున్నర, అంటే ఎనిమిది గంటలు, అదీ వాడు పడుకోగానే నిద్రపోతే. ఆ ఒక్క కారణంతోనే అది నడవకపోయి ఉండొచ్చు. మా ఇంట్లో ఫోన్ గొడవ మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడే మొదలైంది. రాత్రి తొమ్మిదికి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టాలని రూలు పెడితే "ముందు నీది పెట్టమ్మా" అంది. కోపం వచ్చిన మాట నిజం, కానీ అడిగింది న్యాయమే. ఆ రోజు నుంచి ముగ్గురి ఫోన్లూ మిక్సీ పక్కనే ఉంటున్నాయి, మా ఆయన ఆఫీసు ఫోన్ల టెన్షన్ మొదటి వారం కొంత నడిచింది, తర్వాత సర్దుకుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను, ఎవరైనా నొచ్చుకుంటే మన్నించండి. "మాకు ఓపిక లేదు, హాస్టల్లో వేస్తే వాళ్లే అలవాటు చేస్తారు" అని ఆరో తరగతి నుంచే ఐఐటీ, నీట్ పరీక్షల కోసమని నడిపే ఫౌండేషన్ కోర్సుల హాస్టళ్లలో చేర్చేవాళ్లని చాలామందిని చూస్తున్నాను. అక్కడ బెల్లు లేపుతుంది, బెల్లు చదివిస్తుంది, బెల్లు పడుకోబెడుతుంది. అలా ఏడేళ్లు గడిపిన పిల్లలు ఇంజనీరింగ్‌కి వెళ్లాక బెల్లు లేని గదిలో ఏం చేయాలో తెలియక మొదటి ఏడాదే సబ్జెక్టులు తప్పి బ్యాక్‌లాగులు పెట్టుకుని రావడం మా చుట్టాల్లోనే ఇద్దరి విషయంలో చూశాను. తెలివి తక్కువై కాదు. తమ సాయంత్రాన్ని తాము ఏం చేసుకోవాలో తేల్చుకునే అవకాశం వాళ్లకి ఒక్కరోజు కూడా రాలేదు. మీ బాబుకి ఇప్పుడు ఆ అవకాశం ఉంది, తప్పులు చేస్తూనే ఉన్నా సరే, దాన్ని తీసేయకండి.

ఆ మేకు పిల్లాడి సంగతి అడుగుతారేమో. టాపర్ ఏమీ కాలేదు. ఎనిమిదిలో, పేదింటి పిల్లలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించాను, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి, వాళ్లింటికి అది చాలా పెద్ద సాయం అయ్యేది. రాలేదు. నేను వాడికంటే ఎక్కువ బాధపడ్డాను. కానీ ఆ ఫిబ్రవరి తర్వాత నోట్సు లేదని వాణ్ని నిలబెట్టాల్సి వచ్చింది మహా అయితే నాలుగైదు సార్లు. పది పాసయ్యాడు, పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. వెళ్లేముందు కనబడితే అడిగాను, చెల్లెలు ఇప్పుడు మూడో తరగతట, వాడి మేకు కింద ఇంకో మేకు కొట్టాడట, దాని చెయ్యి అందే ఎత్తులో.

మీరు చేయాల్సింది ఇంతే. ఈ ఆదివారం బాబుని కూర్చోబెట్టుకుని, రోజూ ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఏ ఒక్కటో వాడినే అడగండి, మీరు చెప్పకండి. పుస్తకాలు మర్చిపోవడం అంటే దాంతోనే మొదలుపెట్టండి, సంచి ఎక్కడ పెట్టాలో కూడా వాణ్నే తేల్చుకోనివ్వండి. రెండు నెలలు ఆ ఒక్కటే. మధ్యలో దసరా సెలవులు వస్తే అంతా చెదిరిపోయినట్టు కనిపిస్తుంది, మా క్లాసులో ప్రతి ఏడాదీ అంతే, బడి తెరిచిన వారం "రేపటి పని" మళ్లీ బోర్డు మీద రాస్తాను, రెండోసారి దారిలో పడటానికి అంత కాలం పట్టదు.